నీలు పెట్టిన తెలుపు

చర్చిలో అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేటప్పుడు, ఎదుటివాళ్ళ తప్పులు క్షమించామని చెప్పే చోటు ఒకటి వస్తుంది. ఏళ్ళ తరబడి ఆ చోటు రాగానే నేను నోరు మూసుకునేదాన్ని. దానికి ముందుది చెప్పేదాన్ని, వెనకది చెప్పేదాన్ని, ఆ ఒక్క ముక్క మింగేదాన్ని. దేవుడి ఎదుట అబద్ధమాడడం కన్నా అదే నయమనిపించింది. మింగుతూ రెండు వరుసల ముందు కూర్చున్న ఒక ఆడమనిషి వీపు చూసేదాన్ని.

ఆమెదీ మాదీ బోధన్‌లో ఒకే గల్లీ. వరసకు వదినె అని పిలుచుకుంటాం. పడుచుతనంలో ఇద్దరం మిషన్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేశాం. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. పుస్తకం తెలియదు గానీ తెలుపు తెలుసు. నెత్తుటి మరకకు చన్నీళ్ళు, చీము మరకకు సోడా, ఆ తర్వాత ఉడకబెట్టడం, ఆఖరి బకెట్‌లో తెల్లబట్టలకు పెట్టే నీలు. నీలు నీళ్ళలో గుడ్డను ముంచి ఎన్ని లెక్కపెట్టి తీయాలో మా పెద్ద నర్సమ్మ నాకే నేర్పింది, వదినెకు నేర్పలేదు. వదినె ముంచి మాటల్లో పడేది. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే నెలల్లో గాలికి పిప్పి మసి వచ్చి తీగల మీది దుప్పట్ల మీద పడేది. ఆమె దులిపి లోపల పెట్టేది. నేను మళ్ళీ ఉతికేదాన్ని.

పని మానేశాక చర్చిలో ముందుండే ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ఉతికే పని నాకు అప్పజెప్పారు. జీతం లేని పని. ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. శనివారం ఉతికి, ఇస్త్రీ చేసి, ఆదివారం పొద్దున్నే పరిచి వచ్చేదాన్ని. చర్చిలోకి అడుగు పెట్టిన ఎవరి చూపైనా ముందు ఆ తెలుపు మీదే పడేది. నాకు నగలు లేవు, పొలం లేదు. నాకున్న పేరల్లా ఆ గుడ్డే.

ఫిలిం రీళ్ళు పోయి డిజిటల్ కెమెరాలు వస్తున్న రోజుల్లో నా మనుమరాలి పెళ్ళయింది. అప్పటికే ఆ పిల్ల నిజామాబాద్‌లో ఒక కలర్ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద ఫొటోలు సరిచేసే పని చేస్తోంది. పెళ్ళికి కొత్త చీర కొనలేదు. దాని తల్లి పెళ్ళికి, ఎనభైల్లో, నేను కొన్న తెల్ల పట్టుచీర పెట్టెలో ఉంది. ఒక్కపూట కట్టిన చీర. వేపాకు వేసి, పాత ధోవతిలో చుట్టి, ఏటేటా నీడలో ఆరబెట్టి దాచాను. అంత మంచి చీర ఉండగా ఇంకొకటి ఎందుకు?

ఫొటోలు వదినె కొడుకు తీశాడు. బస్టాండు దగ్గర వాడికి స్టూడియో ఉంది. కొత్త కెమెరా మెడలో వేసుకుని పెళ్ళికొడుకు కన్నా ఠీవిగా వచ్చాడు. పెళ్ళికూతురు ఇంకా రాకముందే బల్ల దగ్గరికి పోయి, కెమెరాను నా గుడ్డ మీదికి వంచి, ఒక్కసారి నొక్కాడు. బల్ల మీద ఏమీ లేదు. చుట్టూ మనుషులు లేరు.

"ఏం అల్లుడా, ఖాళీ బల్లకు ఫొటో కొడ్తున్నవు?" అన్నాను.

"దీనికి తెలుపు నేర్పుతున్న అత్తా. నీ గుడ్డ కన్న తెల్లది బోధన్ల యాడున్నది?"

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ పూట వాడికి రెండు లడ్డూలు ఎక్కువ పెట్టించాను.

పదిహేను రోజులకు ఆల్బం వచ్చింది. వదినె తానే పట్టుకొచ్చింది, మా ఇంటికి కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చున్న చోటికి. అందరి మధ్యలో విప్పింది. నా మనుమరాలి చీర పసుపు కొమ్ము ఉడకబెట్టిన నీళ్ళలో ముంచి తీసినట్టుంది. పిల్ల మొహం, పెళ్ళికొడుకు చొక్కా, పాస్టరుగారి అంగీ, అన్నీ అదే రంగు. బల్ల మీది గుడ్డ ఒక్కటే మల్లెపువ్వులా మెరుస్తోంది.

"మీ కొడుకు కెమెరా ఖరాబున్నది వదినె," అన్నాను.

"కెమెరా ఖరాబైతే గుడ్డ గూడ పచ్చగ రావాలె గద? గుడ్డ సూడు, పాల లెక్కున్నది. ఫొటో అబద్ధమాడది వదినె. పెట్టెల మురిగిన చీర పిల్లకు సుట్టినవు, గది పచ్చగ గాక ఇంకెట్ల వస్తది?"

ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను గుడ్డ వైపు చూశాను, చీర వైపు చూశాను. నా చేత్తో ఉతికిన గుడ్డే నాకు ఎదురు సాక్ష్యం చెబుతోంది.

వదినె అక్కడితో ఆగలేదు. గొంతు తగ్గించి, జాలిగా, అందరికీ వినపడేలా అంది: "నేను తప్పు పడ్తలేను. ముసలైంది పాపం, కండ్లకు మోతిబిందు పొర వచ్చింది. పచ్చ ఏదో తెలుపు ఏదో తెలుస్తలేదు. గుడ్డ పని ఇగ వేరేటోళ్ళు జూస్తే మంచిది."

వేరేటోళ్ళు అంటే ఎవరో అక్కడ అడిగినవాళ్ళు లేరు. మరుసటి శనివారం పాస్టరుగారి భార్య మొహమాటపడుతూ మా ఇంటికి వచ్చి గుడ్డ తీసుకుపోయింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను. అది వదినె ఇంటి గేటు లోపలికి పోవడం గడప మీద నిలబడి చూశాను. ఆ రోజు నుంచే ప్రార్థనలో నోరు మూసుకోవడం మొదలుపెట్టాను.

మనుమరాలు పుట్టింటికి వచ్చినప్పుడు ఆల్బం దాని ముందు పడేశాను. "నువ్వు గీ పనే జేస్తవు గద. ఏమైందో చెప్పు."

అది తిరగేసి చూసింది. "వైట్ బ్యాలెన్స్ తప్పింది అవ్వా," అంది. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్పింది. ఎండలో ఒక వెలుతురు, ట్యూబ్ లైటు కింద ఒకటి, బల్బు కింద ఒకటి. మన కన్ను ఎక్కడికి పోయినా సర్దుకుని తెల్లదాన్ని తెల్లగానే చూస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. వెలుతురు మారినప్పుడల్లా ఒక వస్తువు చూపించి, ఇక్కడ ఇది తెలుపు అని దానికి చెప్పాలి. అది నమ్మేస్తుంది. మిగిలిన రంగులన్నీ దాన్ని బట్టే కొలుచుకుంటుంది.

"మరి ఆడు చెప్పిండు గద. నా గుడ్డ చూపిచ్చిండు."

"నీ గుడ్డనా?" అని అది ఆల్బం మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది.

మళ్ళీ వచ్చినప్పుడు ల్యాబ్ నుంచి చిన్న కెమెరా ఒకటి అడిగి తెచ్చింది. దానితో పాటు బూడిద రంగు అట్ట ముక్క ఒకటి. తెలుపు నేర్పడానికి బూడిద రంగు చూపిస్తారట. అందులో ఏ రంగు వైపూ మొగ్గు ఉండదట. నాకు నవ్వు వచ్చింది. చీర తీగ మీద వేశాం. ఎండలో అట్ట చూపించి తీసింది. చీర చీరలాగే వచ్చింది, మీగడ రంగులో. కెమెరాకు మళ్ళీ నేర్పకుండా అదే చీరను లోపల బల్బు కింద పెట్టి తీసింది, నిప్పు అంటుకున్నట్టు వచ్చింది. అక్కడ అట్ట చూపించి తీసింది, మళ్ళీ మీగడ. అప్పుడు నన్ను అడిగింది: "అవ్వా, బల్ల గుడ్డసుంటిది ఇంకోటున్నదా?"

చర్చి పాత గుడ్డ చిరిగితే సగం ముక్క దాచుకున్నాను. దేన్నీ పారేసే అలవాటు నాకు లేదు. దాన్ని కూడా కొత్త గుడ్డతో పాటు అన్నేళ్ళూ నీలు పెట్టి ఉతికాను. మనుమరాలు ఎండలో దాన్ని చూపించి, ఇది తెలుపు అని కెమెరాకు చెప్పి, చీర తీసింది.

చీర పసుపుగా వచ్చింది. గుడ్డ ముక్క మల్లెపువ్వులా వచ్చింది. అచ్చం ఆల్బం.

"గిది తెలుపు గాదు అవ్వా," అంది పిల్ల మెల్లగా. "నీలంగున్నది. నీలాన్నే తెలుపు అనుకున్నది కెమెరా. గందుకే ఉన్న తెలుపంత పచ్చగైంది. పట్టుకు నువ్వు నీలు పెట్టవు గద. గుడ్డకు పెడ్తవు."

"నీలంగ యాడున్నది? పాల లెక్కున్నది."

అది నా కళ్ళ వంక చూసి, మాట మార్చి, "నీ నీలు పనే ఇది అవ్వా," అని నవ్వబోయింది.

"నోర్మూసుకో. ఈ ముచ్చట గడప దాటితే నీకు నాకు మాటల్లేవు."

నిజం దొరికింది. దానితో వదినె నోరు మూయించవచ్చు. కానీ ఆ నిజంలో నా బకెట్ కూడా ఉంది. చెబితే ఆమె అన్నదే రుజువవుతుంది. రెండు రాత్రులు ఆలోచించాను. అట్టతో తీసిన ఫొటో, గుడ్డ ముక్కతో తీసిన ఫొటో, రెండూ కాగితం మీద వేయించి తెమ్మని మనుమరాలికి చెప్పాను. బైబిలు అట్టకు లోపల దాచాను. వదినెను ఆమె మాటతోనే పడగొట్టిన రోజున, నిండు సమాజంలో, ఆ రెండూ తీయాలనుకున్నాను. ముందు ఆమె పడాలి.

దానికి నేను చేసింది చాలా చిన్న పని. ప్రతి ఆదివారం బయటికి వచ్చేటప్పుడు బల్ల వైపు ఒకసారి చూసి, ఆమె పక్కనే నడుస్తూ, "గుడ్డ మసకగున్నది వదినె," అనేదాన్ని. అంతే. ఒక వారం "పోయిన వారమే నయముండె" అన్నాను. ఇంకో వారం ఏమీ అనకుండా నిట్టూర్చాను. వదినె మొహం మాడిపోయేది. మా గల్లీలో కిరాణా దుకాణం ఒకటే. ఆమె నీలు సీసా కొనడం నెలకొకసారి ఉండేది, పదిహేను రోజులకు ఒకసారి అయింది, తర్వాత వారానికి ఒకటి. గుడ్డ రోజురోజుకూ తెల్లబడుతోందని నా ఈడువాళ్ళంతా అన్నారు. నాకూ అలాగే కనిపించింది. చూసి కడుపు మండింది, చల్లబడింది కూడా.

మధ్యలో మా చర్చిలో రెండు పెళ్ళిళ్ళయ్యాయి. రెండు ఆల్బంలూ పసుపుగానే వచ్చాయని విన్నాను. ఒక పిల్ల తల్లి ఏడ్చిందట. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఏడుపు లేకపోయేది. చెప్పలేదు. ఇది రాయకుండా దాటేయవచ్చు గానీ, అన్నీ రాస్తానని కూర్చున్నాక ఇది మాత్రం ఎందుకు దాచాలి?

పెళ్ళయిన చాలా ఏళ్ళకు వదినె కొడుక్కి కొడుకు పుట్టాడు. మూడో నెలలో బాప్తిస్మం ఇప్పించారు. తెల్ల గౌను, తెల్ల టోపీ. తండ్రి తానే ఫొటోలు తీశాడు, మామూలుగా ముందు బల్ల గుడ్డ మీద ఒకసారి నొక్కి. నేను వెనక వరుసలో కూర్చుని చూశాను. నా సంతోషం నాకే భయమేసేంతగా ఉంది. ఆల్బం రానీ, సమాజంలో విప్పనీ, అప్పుడు చెబుతాను: ఫొటో అబద్ధమాడది గద వదినె, పిల్లగానికి మురికి గౌను తొడిగినవా?

వారం తిరగకముందే ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే వదినె గేటు ముందు ఆటో ఆగింది. వదినె పిల్లవాణ్ణి దుప్పట్లో చుట్టుకుని ఎక్కి కూర్చుంది. కోడలు ఆటో కడ్డీ పట్టుకుని ఏడుస్తోంది. కొడుకు ఎవరిదో పెళ్ళి ఫొటోలు తీయడానికి ఊరికి పోయాడట.

"యాడికి వదినె?" అన్నాను.

"వర్ని దిక్కు. పిల్లగానికి పసిరికెలు. వాతలు పెట్టేటాయన ఉన్నడక్కడ."

చీపురు నా చేతిలోనే ఉండిపోయింది. పసిరికెలకు, అంటే కామెర్లకు, మా వైపు మణికట్టు మీద ఇనుము కాల్చి వాత పెడతారు. మూడు నెలల పిల్లవాడికి.

"పసిరికెలని ఎవరు చెప్పిండ్రు?"

వదినె చేతిసంచిలోంచి ఫొటో తీసి చూపింది. తెల్ల గౌను పసుపు, టోపీ పసుపు, పిల్లవాడి మొహం పండు మామిడిలా పసుపు. వెనక బల్ల గుడ్డ మల్లెపువ్వు. "కండ్ల ముంగట కనవడ్తలేదు గని ఫొటోల కనవడ్తుంది. సూడు, గోర్లు గూడ పచ్చగైనయి."

"నాకైతే పిల్లగాడు మంచిగనే కనవడ్తుండు," అంది కోడలు. "పాలు తాగుతుండు, నవ్వుతుండు. అత్తమ్మ వింటలేదు. డాక్టరు దగ్గరికన్న పోదామంటే పసిరికెలకు డాక్టరు పనికి రాడంటది."

"ఫొటో అబద్ధమాడది," అంది వదినె.

ఆ మాట నేను ఏడాదిగా మూట కట్టి దాచుకున్నది. దాన్ని నిండు చర్చిలో ఆమె నెత్తిన వేయాలని ఎన్ని ఆదివారాలు లెక్కపెట్టుకున్నాను! అది ఇక్కడ, చెత్త బుట్ట పక్కన, ఒక ఆటో డ్రైవరు ముందు ఖర్చయిపోతోంది. ఆటో అతను బండి స్టార్ట్ చేశాడు.

"బండి ఆపు," అన్నాను. "కదిలినవో, చీపురు నీ మీదికొస్తది."

ఇంట్లోకి పరిగెత్తి బైబిల్లోంచి రెండు ఫొటోలు తెచ్చి వదినె ఒళ్ళో, పిల్లవాడి మీద పెట్టాను. "గీ రెండు ఒక్క చీరే. ఒక్క పొద్దుగాల్ల, ఒక్క తీగ మీద తీసినవి. ఒకటి తెలుపు, ఒకటి పచ్చ. రెండోది తీసే ముందు కెమెరాకు నీలు పెట్టిన గుడ్డ చూపిచ్చినం. నీ కొడుకు గదే జేస్తుండు. బల్ల గుడ్డ చూపిచ్చి గది తెలుపు అంటుండు. అది తెలుపు గాదు, నీలం. పిల్లగానికి పసిరికెల్లేవు. నీ నీలున్నది."

వదినె రెండు ఫొటోలనూ ముక్కుకు ఆనించుకుని చూసింది. నమ్మలేదు. "నీకు కండ్లు కనవడవు," అంది.

"నాకు కనవడవు, నీకూ కనవడవు. నీ కోడలివి పడుచు కండ్లు. ఆమెనడుగు, బల్ల గుడ్డ ఏం రంగున్నదో."

కోడలు కళ్ళు తుడుచుకుంది. ఒకసారి అత్త వైపు, ఒకసారి నా వైపు చూసింది. "నీలమే," అంది. "శాన దినాలసంది నీలమే. నేనెట్ల చెప్త?"

ఆటో అతను కూడా మెడ తిప్పి, "పిల్లగాడు మంచిగనే ఉన్నడమ్మా," అన్నాడు.

వదినె దుప్పటి తీసి పిల్లవాణ్ణి ఎండలోకి పట్టింది. అరచేయి తిప్పి చూసింది, గోళ్ళు చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. వాడు ఆవలించాడు. ఆమె ఆటో దిగింది. దిగి, ఊపిరి తీసుకుని, నేను అనుకున్నట్టే అంది: "అంటే నీ మనుమరాలి పెండ్లినాడు బల్ల మీదున్నది నీ గుడ్డే గద? నీ నీలే గద?"

"నాదే. నీది నాకన్న ఎక్కువ."

"నీకెప్పటిసంది ఎరుక?"

అడుగుతుండగానే ఆమెకు అర్థమైంది. ప్రతి ఆదివారం ఆమె చెవి దగ్గర నేను అన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకు రావడం ఆమె మొహంలో కనిపించింది. "పాపిష్టిదానా," అంది. పిల్లవాణ్ణి కోడలికిచ్చి లోపలికి పోయింది. నా రెండు ఫొటోలూ తనతోనే తీసుకుపోయింది. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

ఆ తర్వాతి స్త్రీల సమాజంలో వదినె నిలబడి, నడుము నొప్పిగా ఉంది, గుడ్డ పని చేతకాదు, మళ్ళీ పాతామెకే ఇవ్వండి అంది. నడుము నొప్పి! కెమెరా తప్పనలేదు, తన మాట తప్పనలేదు. నేను లేచి అసలు సంగతి చెప్పవచ్చు. చెబితే నా నీలు సంగతి ఆమె చెబుతుంది. ఇద్దరం ఒకరి గొంతు ఒకరం పట్టుకుని కూర్చున్నాం. గుడ్డ తీసుకుని ఇంటికి వచ్చాను. పెళ్ళి ఆల్బం మాత్రం ఈ ఊళ్ళో అందరి మనసులో పసుపుగానే ఉండిపోయింది.

వదినె కొడుక్కి నేను ఒక గుడ్డ ముక్క ఇచ్చాను. పాత దుప్పటి చింపి, నీలు వదిలేదాకా నెల రోజులు ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, మనుమరాలి అట్ట పక్కన పెట్టి కెమెరాతో సరిచూసిన ముక్క. వాడు ఇప్పుడు ఎక్కడికి పోయినా, గుడిసెలో బల్బు కిందైనా, ఫంక్షన్ హాలు దీపాల కిందైనా, పొలంలో ఎండకైనా, ముందు దాన్ని మనుషుల మొహం దగ్గర పట్టుకుని నొక్కుతాడు. వాళ్ళమ్మను తీసేటప్పుడు కూడా. నా గుడ్డ ముక్క ఆమె చెంపకు ఆనించి పట్టుకోవాలి. అప్పుడు ఆమె మొహం చూడాలి.

తర్వాత ఉచిత శిబిరంలో నా కళ్ళకు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు ఇంటికి వచ్చి పెట్టె తెరిచాను. దాచిన పాత బల్ల గుడ్డ ముక్క రేషను కిరోసిన్ అంత నీలంగా ఉంది. పట్టుచీర ఎండలో పెట్టి చూశాను. మీగడ రంగు కాదు. పసుపే. ఆల్బంలో ఉన్నంత కాదు గానీ, పసుపే.

అంటే ఆ రోజు వదినె అన్నదాంట్లో సగం నిజం. నా కళ్ళు నిజంగానే పోయాయి. కానీ ఆమె నా కళ్ళలోకి చూసి అనలేదు, గుడ్డ తనకు కావాలని అంది. నిజమైనంత మాత్రాన దాన్ని క్షమించాలని ఎక్కడ ఉంది? నిండు సమాజంలో ఆమె నోట రానిది, నాకు వచ్చిన రెండక్షరాలతో ఇక్కడ నేనే రాశాను. నా బకెట్ కూడా దీంట్లో ఉంది. ఉండనీ. ఆమెది నాకన్నా ఎక్కువ.

పోయిన ఆదివారం కూడా ఆ చోట నోరు మూసుకున్నాను. రెండు వరుసల ముందు ఆమె కూడా మూసుకుంది. వీపు కదలకపోవడం చూశాను. ఇప్పుడు నాకు కళ్ళు బాగా కనిపిస్తాయి.